అండమాన్ దీవులలో ఆరు దినాలు

మన పల్లె కుటుంబాలు ఊరు దాటి వెళ్ళేది సాధారణంగా మూడు పనుల మీదనే: పెళ్ళి, ఆసుపత్రి, లేకపోతే సభలు. కేవలం సంతోషం కోసం ప్రయాణం కట్టడం డబ్బున్నవారి ముచ్చట అని మనలో చాలామంది తలంపు. మేమూ చాలాకాలం అలాగే అనుకున్నాం. అయితే పిల్లలు ఎదిగి తలో దిక్కుకూ వెళ్ళకముందే అందరం కలిసి ఒక్కసారైనా సముద్రం దాటి రావాలనే కోరిక ఇంట్లో నాటుకుంది. రెండేళ్ళు చిట్టీ కట్టి, 2025 వేసవి సెలవుల మొదట్లో, మా రెండు కుటుంబాల వారం నాయనమ్మతో కలిపి తొమ్మిదిమందిమి అండమాన్‌కు వెళ్ళి వచ్చాం. అక్కడ చూసినవీ, చేసినవీ, నేర్చుకున్నవీ పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఆ దీవులలో ఆనందాలకు కొదవ లేదు. కాని ప్రతి ఆనందానికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దును గౌరవించినంతసేపు సముద్రం మనలను పిల్లలవలె ఆడిస్తుంది. దాటామా, ప్రాణాలకే ముప్పు. కొన్నిచోట్ల ముప్పు మనకు, కొన్నిచోట్ల అక్కడివారికి.

ప్రయాణం

అండమాన్ నికోబార్ దీవులు చెన్నైకి తూర్పుగా సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన, బంగాళాఖాతంలో ఉత్తర దక్షిణాలుగా బారులు తీరి ఉన్నాయి. చిన్నా పెద్దా కలిపి ఐదు వందలకు పైగా ఉన్నా, మనుషులు నివసించేవి కొన్నే. చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతాల నుండి ప్రభుత్వ ఓడలు తిరుగుతాయి. ఓడలో సుమారు మూడు రోజులు పడుతుంది. చెన్నై నుండి విమానంలోనైతే రెండు గంటల పైచిలుకు. మేము వెళ్ళేటప్పుడు చెన్నైలో ఓడ ఎక్కి, వచ్చేటప్పుడు విమానం ఎక్కాం. ఓడలో చవక తరగతిని బంకు క్లాసు అంటారు. ఒక పెద్ద గదిలో అరల మీద అరలుగా పడకలుంటాయి. మొదటి రోజు కడుపులో తిప్పినవారికి నిమ్మకాయ, ఉప్పు, పైమెట్ల మీది చల్లగాలి బాగా పనిచేశాయి. రెండవ రోజున చుట్టూ ఎటు చూసినా నీళ్ళే. నాయనమ్మ గంటసేపు కడ్డీ పట్టుకొని నిలబడి, "ఇంత నీటికి గట్టు ఎవరు వేశారర్రా!" అంది.

దిగిన పట్టణాన్ని మనం పోర్ట్ బ్లెయిర్ అని చదువుకున్నాం. 2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అంతకుముందు 2018 డిసెంబరులో హేవ్‌లాక్ దీవిని స్వరాజ్ ద్వీపమనీ, నీల్ దీవిని షహీద్ ద్వీపమనీ, రాస్ దీవిని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమనీ మార్చారు. పడవవాళ్ళు మాత్రం ఇంకా పాత పేర్లతోనే పిలుస్తున్నారు గనుక రెండూ గుర్తుంచుకోవడం మంచిది.

బజారులో నాలుగు అడుగులు వేస్తే తెలుగు మాట వినబడుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి తాతల కాలంలో వలస వచ్చి, చేపల వేట మీద స్థిరపడినవారు అక్కడ చాలామంది ఉన్నారు. మమ్మల్ని తిప్పిన పడవ యజమాని కూడా అటువంటి కుటుంబంవాడే. మన యాస విని, "ఏటి బాబూ, మనోళ్ళేనా!" అని పలకరించాడు.

ఇంకొక విచిత్రం పొద్దు సంగతి. సాయంత్రం ఐదున్నర దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. ఉదయం ఐదు గంటలకే తెల్లవారుతుంది. దేశమంతటికీ గడియారాన్ని మన కాకినాడకు దగ్గరగా సాగే రేఖాంశాన్ని బట్టి నిర్ణయించారు. ఈ దీవులు దానికి ఎంతో తూర్పున ఉండడం వలన ఇక్కడ పొద్దు మనకంటే నలభై నిమిషాలకు పైగా ముందే నడుస్తుంది. కాబట్టి ఇక్కడ ఆటలన్నీ తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. పల్లెవారికి అది కష్టమేమీ కాదు గదా!

మొదటి రోజు సెల్యులర్ జైలు చూశాం. 1896 నుండి 1906 వరకు పదేళ్ళు కట్టిన ఈ జైలుకు మొదట ఏడు బారులు ఉండేవి. ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి, విడుదలయ్యాక 1952లో విశాఖపట్నం నుండి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడని పిల్లలకు చెప్పాం. ఆడుకోవడానికి వచ్చిన చోట ముందు ఈ గదులు చూడడం మంచిదే అయింది. మనకు విహారమైన ఈ నీళ్ళే ఒకప్పుడు వారికి గోడలు.

అద్దం అడుగున తోట

రెండవ రోజు వండూరు వెళ్ళాం. ఊరికి సుమారు 30 కిలోమీటర్లు ఉంటుంది. అక్కడ 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనం ఉంది. అటవీశాఖ అనుమతి చీటీ తీసుకొని, పడవలో జాలీ బాయ్ అనే చిన్న దీవికి పోవాలి. పడవ ఎక్కేముందు సంచులన్నీ తనిఖీ చేస్తారు. ప్లాస్టిక్ కవరు, చిప్స్ పొట్లం ఏదీ లోపలికి పోనివ్వరు. మా పిల్లల సంచిలోనుంచి పొట్లాలన్నీ బయటికి వచ్చాయి. పులిహోరను స్టీలు క్యారేజీలో పెట్టుకున్నందుకు అది మాత్రం మాతో వచ్చింది. ఈ దీవిని ఏడాది పొడుగునా తెరిచి ఉంచరు. వానాకాలంలో మూసివేసి విశ్రాంతినిస్తారు. మనం పొలాన్ని బీడు పెట్టినట్టే.

అక్కడ అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కించారు. ఈత రానివారికీ, పెద్దవయసువారికీ ఇంతకంటే మంచి సాధనం లేదు. అద్దం కింద పగడపు దిబ్బలు: కొన్ని జింక కొమ్ముల్లా, కొన్ని పుట్టగొడుగుల్లా, కొన్ని గుండ్రాళ్ళలా. వాటి సందుల్లో పసుపు, నీలం చారల చేపలు. నాయనమ్మ అద్దం మీదికి వంగి కదలలేదు.

పగడం రాయి కాదనీ, చెట్టు కాదనీ ఆ రోజే మాకు బాగా తెలిసింది. అది వేలాది చిన్న ప్రాణుల కాపురం. ఆ ప్రాణుల ఒంట్లో కంటికి కనబడనంత సన్నని నాచు ఉంటుంది. నాచు ఎండతో ఆహారం తయారుచేసి ప్రాణికి పెడుతుంది, ప్రాణి నాచుకు ఇల్లు ఇస్తుంది. పగడానికి రంగు వచ్చేది చాలావరకు ఆ నాచు వలననే. సముద్రపు నీరు మామూలుకంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే ఈ పొత్తు చెడిపోతుంది. నాచు వెళ్ళిపోయి పగడం సున్నంలా తెల్లబడుతుంది. అలాగే కొనసాగితే చచ్చిపోతుంది. అండమాన్‌లో 2010లోనూ, 2016లోనూ ఇలా జరిగింది. గుండ్రంగా పెరిగే పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా మాత్రమే పెరుగుతాయి. అంటే మన కాలు పడి విరిగిన జానెడు ముక్క తిరిగి రావడానికి మన పిల్లలు పెద్దవాళ్ళు కావాలి.

ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడపు ముక్కను కూడా ఇంటికి తీసుకుపోకూడదు. వన్యప్రాణి చట్టం కింద అది నేరం. విమానాశ్రయంలో సామాను వెదికి తీసివేస్తారు, కేసు కూడా పెట్టవచ్చు. మా చిన్నవాడు ఏరుకున్న ముక్కలను తిరిగి నీటిలో వేయించడానికి కొంత బతిమాలవలసి వచ్చింది. "చూసిందంతా తెచ్చుకోవడానికి కాదు నాయనా" అని నాయనమ్మ సర్దిచెప్పింది.

నీటి లోపలికి

స్వరాజ్ ద్వీపానికి ప్రభుత్వ పడవలో సుమారు రెండున్నర గంటలు పడుతుంది. ప్రైవేటు పడవలు ఇంకా త్వరగా చేరుస్తాయి. ఇక్కడి రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా ఉత్తమమైనదిగా పేర్కొంది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. తెల్లని ఇసుక, వెనుక ఆకాశాన్ని అంటే చెట్లు. ఆ తెల్లని ఇసుకలో కొంత భాగం చిలుక చేపల పని అంటే పిల్లలు మొదట నమ్మలేదు. ఆ చేపలు చిలుకముక్కు వంటి పళ్ళతో పగడాన్ని కొరికి తిని, జీర్ణం కాని సున్నాన్ని ఇసుకగా విడిచిపెడతాయి.

ఇంత అందమైన తీరంలోనూ ఒక హెచ్చరిక బోర్డు ఉంది: మొసళ్ళు. ఉప్పునీటి మొసలి ఈ దీవుల మడ అడవుల్లోనూ వాగుల్లోనూ ఉంటుంది, సముద్రంలో ఈదుతూ తీరాలకూ రాగలదు. 2010 ఏప్రిల్‌లో ఇదే తీరం అంచున ఈదుతున్న ఒక విదేశీ యువతిని మొసలి చంపింది. అందుకే కొన్ని తీరాలలో ఈత స్థలం చుట్టూ వల కట్టారు. కాపలావాళ్ళు ఈల వేస్తే వెంటనే బయటికి రావాలి. వాగు సముద్రంలో కలిసే చోటికి పోకూడదు, చీకటి పడ్డాక నీటిలో దిగకూడదు. మన చెరువులో ఈత నేర్చినవారికి సముద్రమంటే చులకన తగదు. చెరువు నిలిచి ఉంటుంది, సముద్రం లాగుతుంది. ఒకవేళ నీరు లోపలికి లాగితే దానికి ఎదురీదక, ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గిన చోట ఒడ్డు పట్టాలి అని అక్కడి గార్డు పిల్లలకు ఇసుకలో గీత గీసి చూపించాడు.

మరునాడు ఎలిఫెంట్ బీచ్‌కు వెళ్ళాం. కొందరం పడవలో, కొందరం అడవిదారిన నడిచి. ఒకప్పుడు కలప లాగడానికి ఏనుగులను ఈ దీవులకు తెచ్చేవారు. వాటిలో రాజన్ అనే ఏనుగు సముద్రంలో ఈదడంలో లోకప్రసిద్ధి పొంది, కలప పని పోయిన తరువాత కూడా ఈ దీవిలోనే బ్రతికి, 2016లో కన్నుమూసింది. ఒడ్డున మోడువారిన మహావృక్షాలు కొన్ని అడ్డంగా పడి ఉన్నాయి. 2004 సునామీ మిగిల్చిన గుర్తులవి.

ఇక్కడ స్నార్కెలింగ్ చేశాం. కళ్ళకూ ముక్కుకూ అద్దపు తొడుగు, నోటిలో పైకి తేలే గొట్టం, ఒంటికి లైఫ్ జాకెట్. ముఖం నీటిలో పెట్టి తేలుతూ నోటితో గాలి పీల్చాలి. మొదటి ఐదు నిమిషాలు ఉక్కిరిబిక్కిరి అవుతుంది. తరువాత అలవాటవుతుంది. ఈత రాకపోయినా పక్కన మనిషి రింగు పట్టుకొని తిప్పుతాడు. కాళ్ళు పగడం మీద మోపకూడదన్నది ఒక్కటే నియమం.

స్కూబా అంటే వీపుకు గాలి సిలిండరు కట్టుకొని లోపలికి దిగడం. మాలో ముగ్గురు దిగారు. మొదటిసారి దిగేవారిని 12 మీటర్ల లోతు దాటనివ్వరు. పదేళ్ళలోపు పిల్లలను తీసుకోరు. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి బాధ ఉన్నవారు దాచకుండా చెప్పాలి. కాగితంలో అబద్ధం రాస్తే నీటి అడుగున అది బయటపడుతుంది. దిగేకొద్దీ చెవుల మీద ఒత్తిడి పెరుగుతుంది. ముక్కు మూసుకొని మెల్లగా ఊదితే సర్దుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. నీటిలో మాట ఉండదు గనుక సైగలు నేర్పుతారు. బొటనవేలు పైకెత్తితే మనకు "భేష్" అని అర్థం, అక్కడ మాత్రం "నన్ను పైకి తీసుకుపో" అని. మా పెద్దమ్మాయి సంతోషం పట్టలేక బొటనవేలు ఎత్తగానే గురువు ఆమెను పైకి తెచ్చేశాడు! మళ్ళీ దిగి అరగంట ఉన్నది. స్కూబా చేసిన తరువాత కనీసం 18 గంటల దాకా విమానం ఎక్కకూడదు. ఒంట్లో చేరిన నత్రజని మెల్లగా బయటికి పోవాలి. ప్రయాణపు తేదీలు వేసుకునేటప్పుడే ఇది చూసుకోవాలి.

అవి అమావాస్య రోజులు. రాత్రి మడ అడవి పక్కన, గైడు వెంట, తెడ్లతో నడిపే చిన్న పడవలలో వెళ్ళాం. తెడ్డు వేసిన చోటల్లా నీరు నీలిగా వెలిగింది. కంటికి కనబడని సూక్ష్మజీవులు కదలిక తగలగానే వెలుగు చిమ్ముతాయట. దీపాలు ఆర్పమన్నారు. మాటలు కూడా వాటంతట అవే ఆగిపోయాయి.

ఆటు వేళ, పోటు వేళ

షహీద్ ద్వీపం చిన్నది, పచ్చనిది. తూర్పు బెంగాల్ నుండి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబాలు కూరగాయలు, వరి, అరటి పండిస్తారు. మాకు సొంత ఊళ్ళో నడిచినట్టే ఉంది. సైకిళ్ళు అద్దెకు తీసుకొని దీవి అంతా తిరిగాం. లక్ష్మణ్‌పూర్ దగ్గర సముద్రమే తొలిచిన రాతి వంతెన ఉంది. నీరు తీసినప్పుడు మాత్రమే అక్కడికి నడవగలం. రాళ్ళ గుంటల్లో నిలిచిన నీటిలో సముద్ర దోసకాయలు, నక్షత్ర చేపలు, పీతలు కనబడ్డాయి. గైడు గడియారం చూసి "ఇక చాలు" అనగానే వెనుదిరగాలి. గంట తరువాత ఒడ్డునుండి చూస్తే మేము నిలిచిన రాళ్ళ మీద నీళ్ళు పారుతున్నాయి.

వెళ్ళని దారి

ఒక ట్రావెల్స్ మనిషి మాకు ఇంకొక ప్రయాణం కూడా చెప్పాడు. ఉత్తరానికి పోయే పెద్ద రోడ్డు జరవా జాతి వారి అడవి గుండా పోతుంది. "గుహలతోపాటు అడవి మనుషులను కూడా చూడవచ్చు" అన్నాడు. ఆ మాట మాకు నచ్చలేదు. వేల సంవత్సరాలుగా ఆ అడవిలో బ్రతుకుతున్న వారు మనవలె అమ్మానాన్నలు, పిల్లలు గల మనుషులు. జంతుప్రదర్శనశాలలోని వింత కాదు. అక్కడ బండి ఆపడం, ఫోటో తీయడం, తినుబండారాలు విసరడం చట్టరీత్యా నేరం. బయటివారి నుండి సోకే జబ్బులు వారికి ప్రాణాంతకం కాగలవు కూడా. మేమందరం కూర్చొని మాట్లాడుకొని ఆ దారిన పోకూడదని నిశ్చయించాం. పిల్లలు కాసేపు చిన్నబుచ్చుకున్నారు. "మన ఇంటి ముందు బస్సులు ఆపి, మనం అన్నం తింటుంటే ఫోటోలు తీస్తే ఎట్లా ఉంటుంది?" అని నాయనమ్మ అడిగింది. తరువాత ఎవరూ మాట్లాడలేదు.

ఆ డిసెంబరు ఆదివారం

అండమాన్‌లో ఎవరితో మాట్లాడినా చివరకు 2004 డిసెంబరు 26 దగ్గరకే వస్తారు. క్రిస్మస్ మరునాడు, ఆదివారం ఉదయం. సుమత్రా దగ్గర సముద్రగర్భంలో వచ్చిన భూకంపం ఈ దీవులనే వంచింది. ఉత్తరాన నేల పైకి లేచి పగడపు దిబ్బలు నీటిపైకి తేలి ఎండిపోయాయి. దక్షిణాన నేల కుంగి, దేశపు దక్షిణపు కొన అయిన ఇందిరా పాయింట్ దగ్గరి దీపస్తంభం అడుగు నీటిలో మునిగింది. నికోబార్ దీవులు ఘోరంగా దెబ్బతిన్నాయి. అక్కడివారిలో అత్యధికులు క్రైస్తవులు. వారి భాషలోకి బైబిలును తేవడానికి పాటుపడి, 1952లో మొదటి లోక్‌సభలో కూర్చున్న బిషప్ జాన్ రిచర్డ్‌సన్ కార్ నికోబార్ వాడే. పండుగ కోసం కూడుకున్న ఊళ్ళు తెల్లవారేసరికి లేకుండా పోయాయి. ఆ దీవులకు సాధారణ పర్యాటకులను అనుమతించరు. మేము ఈ ఒడ్డునుండే వారిని తలచుకున్నాం.

మా పడవ యజమాని చెప్పిన మాట ఇది: "భూమి గట్టిగా ఊగినా, నీరు ఒక్కసారిగా వెనక్కి పోయినా, చేపలేరడానికి దిగకండి. ఎత్తుకు పరుగెత్తండి." ఓంగీ జాతివారు నీరు తగ్గడం చూడగానే ఎత్తైన చోటికి వెళ్ళి ప్రాణాలు దక్కించుకున్నారని అక్కడ గౌరవంగా చెప్పుకుంటారు. ఈ జ్ఞానం అండమాన్‌కే కాదు, మన కోస్తా పల్లెలకూ అవసరం.

వెళ్ళదలచినవారికి

నవంబరు చివరి నుండి ఏప్రిల్ వరకు అనుకూలం. ఆ తరువాత వానలు. తుఫాను వస్తే దీవుల మధ్య పడవలు ఆగిపోతాయి. 2016 డిసెంబరులో స్వరాజ్ ద్వీపంలో వెయ్యిమందికి పైగా చిక్కుకుపోతే నావికాదళం వచ్చి తేవలసి వచ్చింది. కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒక రోజు ముందే శ్రీ విజయపురం చేరి ఉండండి. రోజూ వాడే మందులు సరిపడా తీసుకువెళ్ళండి. గుర్తింపు కార్డులు మరవకండి. ఎంత ఈతగాళ్ళైనా లైఫ్ జాకెట్ వద్దనకండి. డబ్బు తక్కువైతే స్కూబా మానుకొని అద్దపు పడవ ఎక్కండి. అవే చేపలు, అదే తోట.

ఆరు రోజులలో మేము ఇంటికి తెచ్చినది కొబ్బరి చిప్పల గరిటెలు నాలుగు, ఎండకు కమిలిన ముఖాలు. పగడం ముక్క ఒక్కటీ లేదు. అయితే పొలం పనులు, ఫీజులు, అప్పుల మాటలు లేకుండా మూడు తరాలవారం ఒకే పడవలో కూర్చొని ఒకే వైపు చూడడం మాకు చాలా ఏళ్ళ తరువాత దొరికింది. వచ్చే ఏట చిట్టీ మళ్ళీ మొదలుపెట్టాలని, ఎక్కడికన్నది తరువాత చూసుకోవచ్చని, మా ఇంట్లో తీర్మానమైంది.